బాలింత చేతికి అందేలా ఏమేం ఉంచాలి, ఎలా వాడాలి

బిడ్డ పుట్టకముందే ఉయ్యాల, గుడ్డలు, గిలక్కాయలు అన్నీ ఇంటికి చేరతాయి. తల్లి ఒంటికి కావలసినవి మాత్రం పురుడయ్యాక, అప్పటికప్పుడు ఎవరో పరుగెత్తితే వస్తాయి. నిజానికి ఆ సామాను చాలా కొద్ది. ఎనిమిదో నెలలోనే తెచ్చి రెండు బుట్టల్లో సర్దేయండి: ఒకటి స్నానాల గదిలో, ఇంకోటి పాలిచ్చే చోట.

స్నానాల గది బుట్టలో మొదట ఉండాల్సినవి ప్యాడ్లు. మామూలు కాన్పయినా సిజేరియనైనా రక్తస్రావం తగ్గుతూ తగ్గుతూ 4 నుంచి 6 వారాలు ఉంటుంది. మొదటి రోజుల్లో 3, 4 గంటలకోసారి మార్చాలి కాబట్టి పొడవాటి మందపు ప్యాడ్లు రోజుకు 6 నుంచి 8 పడతాయి. డాక్టరు చూసి సరే అనేదాకా లోపల పెట్టుకునే టాంపన్లు, కప్పులు వాడొద్దు, ఇన్‌ఫెక్షన్ లోపలికి పోతుంది. గంటలోపే ప్యాడ్ పూర్తిగా తడిసిపోయినా, కోడిగుడ్డంత గడ్డలు పడినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

కింద కుట్లు పడినవాళ్లకు మూతికి సన్నటి రంధ్రాలున్న, నొక్కితే నీళ్లు చిమ్మే సీసా ఎంతో మేలు చేస్తుంది. గోరువెచ్చని నీళ్లు నింపి, మూత్రం పోసేటప్పుడే ముందు నుంచి వెనక్కి పోసుకోవాలి. మూత్రం పలచనై కుట్లు మండవు. తర్వాత మెత్తటి గుడ్డతో అద్దాలి, రుద్దకూడదు. మొదటి ఒకటి రెండు రోజులు వాపుకు ఐస్ ప్యాక్‌ను గుడ్డలో చుట్టి 10 నిమిషాలు పెట్టండి. నేరుగా పెడితే చర్మం దెబ్బతింటుంది. ఆ తర్వాత వెడల్పాటి టబ్బులో గోరువెచ్చని నీళ్లు పోసి 10, 15 నిమిషాలు కూర్చుంటే నొప్పి సర్దుకుంటుంది. నీళ్లలో ఏమీ కలపనక్కర్లేదు.

సిజేరియనయితే లోదుస్తుల నడుం పట్టీ గాయం మీదికి రాకుండా బొడ్డు దాకా ఉండేవి కొనండి. పొట్ట బెల్టు నడిచేటప్పుడు, దగ్గేటప్పుడు ఆసరా ఇస్తుంది. పొట్టను కరిగించదు. ఊపిరి బిగపట్టినట్టుంటే వదులు చేయాలి.

పాలిచ్చే చోట మంచినీళ్ల సీసా, కళ్లలో కొట్టని చిన్న దీపం, గట్టి దిండు ఉండాలి. బిడ్డను రొమ్ము ఎత్తుకు తేవడం దిండు పని. దిండు పల్లంగా ఉంటే తల్లి వంగిపోతుంది, వారంలో మెడా నడుమూ పట్టేస్తాయి. తాగుతూ బిడ్డ నిద్రపోతే దిండు మీద వదిలేయొద్దు, మెడ వంగి ఊపిరాడకపోవచ్చు.

తీగ లేని మెత్తటి బ్రాలు రెండు చాలు, పాలు పడ్డాక కొలత మారుతుంది. కారే పాలు పీల్చుకోవడానికి బ్రా లోపల పెట్టుకునే ప్యాడ్లు తడిసిన వెంటనే మార్చండి. చనుమొనలకు లానోలిన్ క్రీము బఠాణీ గింజంత రాస్తే సరిపోతుంది, శుద్ధి చేసినదైతే పాలిచ్చేముందు తుడవక్కర్లేదు. అయితే పగుళ్లు మానకపోతే తప్పు క్రీముది కాదు. చాలాసార్లు బిడ్డ నోట్లో మొన ఒక్కటే ఉండడమే కారణం. చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా చాలామటుకు నోట్లోకి వెళ్లాలి.

బ్రెస్ట్ పంపు తొందరపడి కొనొద్దు. బిడ్డ చక్కగా తాగుతూ, తల్లి పక్కనే ఉంటే కొన్ని వారాలు దాని అవసరమే రాకపోవచ్చు. కొంటే ముందు చూడాల్సింది రొమ్ముకు ఆనించే గరాటు కొలత. చాలా పెట్టెల్లో 24 మి.మీ.ది వస్తుంది, అది అందరికీ సరిపోదు. చనుమొన అడుగు వెడల్పు కొలిచి దానికి 2, 3 మి.మీ. కలుపుకోండి. గరాటు ఇరుకైతే మొన ఒరుసుకుని పాలు పూర్తిగా దిగవు, రొమ్ములో గడ్డలు కడతాయి. మరీ వెడల్పైతే చుట్టూ ఉన్న చర్మం లోపలికి లాగి వాస్తుంది. తక్కువ లాగుడుతో మొదలుపెట్టి, చేపు వచ్చాక నొప్పి లేనంతవరకే పెంచాలి. గట్టిగా లాగితే పాలు ఎక్కువ రావు. పాలు తగిలిన భాగాలను ప్రతిసారీ వేడినీళ్లతో, సబ్బుతో కడిగి ఆరబెట్టాలి.

పిండిన పాలు 25 డిగ్రీలు దాటని గదిలో 4 గంటలు, ఫ్రిజ్‌లో 4 రోజులు నిలవుంటాయి. ఫ్రీజర్‌లోవి 6 నెలల్లోపు వాడితే మంచిది. 60 నుంచి 120 మి.లీ. చొప్పున సంచుల్లో పోసి తేదీ వేయండి. గడ్డకట్టినప్పుడు పొంగుతాయి కాబట్టి పైన కాస్త ఖాళీ వదలాలి. వెచ్చటి పాలను చల్లటి పాలలో కలపకూడదు, ముందు చల్లారనివ్వాలి. వేడి చేయడానికి గిన్నెలో గోరువెచ్చని నీళ్లు చాలు. మైక్రోవేవ్‌లో పెడితే ఒకచోట మరిగి బిడ్డ నోరు కాలుతుంది. కరిగినవాటిని మళ్లీ గడ్డకట్టించొద్దు. తాగగా మిగిలినవి 2 గంటలు దాటితే పారబోయాలి.

రెండో బుట్టలోనే థర్మామీటరు పెట్టండి. జ్వరం 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారెన్‌హీట్‌కు చేరినా, తీవ్రమైన తలనొప్పితో చూపు మసకబారినా, ఆయాసమో ఛాతీ నొప్పో వచ్చినా, ఒక పిక్క మాత్రమే వాచి నొప్పెట్టినా పొద్దుటిదాకా ఆగకూడదు. రెండు వారాలు దాటినా దిగులు, ఏడుపు వదలకపోతే అదీ డాక్టరుకు చెప్పాల్సిన జబ్బే. ఆసుపత్రి నంబరు పెద్ద అక్షరాలతో రాసి ఆ బుట్ట పైన గోడకు అంటించండి, అర్ధరాత్రి ఫోనులో వెతుక్కునే ఓపిక ఎవరికీ ఉండదు.