ముందు ఎదుటివాళ్ల బ్యాట్ తిప్పి చూడండి
విజయనగరంలో మాతో టేబుల్ టెన్నిస్ (టీటీ) ఆడే కుర్రాళ్లు టాస్ పడగానే సర్వీసుకు తొందరపడతారు. ముందు ఎదుటివాళ్ల బ్యాట్ అడిగి రెండువైపులా చూడండి, రూల్స్ ఒప్పుకుంటాయి. నున్నటి రబ్బరైతే బంతిని పట్టి బాగా స్పిన్ ఇస్తుంది, మన స్పిన్‌కూ అంతే లొంగుతుంది. రబ్బరు మీద పొట్టి బుడిపెలుంటే బంతి స్పిన్ తగ్గి వేగంగా వస్తుంది. తంటా అంతా పొడవు బుడిపెలతోనే. మన స్పిన్నే తిరగేసి మనకు పంపుతాయి. టాప్‌స్పిన్ (ముందుకు తిరిగే బంతి) కొడితే బ్యాక్‌స్పిన్‌గా (వెనక్కి తిరుగుతూ) వస్తుంది, పైకి లేపకపోతే నెట్‌లోనే. మన టీటీ క్రీడాకారిణి మణికా బత్రా బ్యాక్‌హ్యాండ్‌కు పేరొచ్చింది వీటితోనే. నేనూ మొదట్లో ఇలాంటి బ్యాట్లకు గేములు సమర్పించుకున్నవాణ్నే. బుడిపెలున్న వైపు ఏ రంగో గుర్తుపెట్టుకుని, అటు స్పిన్ లేని బంతులే వేయండి. మధ్యలో బ్యాట్ తిప్పేసినా రంగు పట్టిచ్చేస్తుంది.