ఇంట్లోనే హమ్మస్ – 3వ పాఠం: తెల్లగడ్డ ఎంచుకోవడం

హమ్మస్ అంటే ఉడికిన శనగలు, నువ్వుల ముద్ద, నిమ్మరసం, తెల్లగడ్డ కలిపి మెత్తగా రుబ్బే అరబ్బుల పచ్చడి లాంటిది. పోయిన పాఠంలో దానికోసం కాబూలీ శనగలు వేళ్ల మధ్య నలిగిపోయేంత మెత్తగా ఉడికించుకున్నాం. ఈసారి తెల్లగడ్డ.

మన చిత్తూరు వైపు ఊరిమిండి పచ్చడికైనా, పితికిపప్పు కూరకైనా తెల్లగడ్డ ఎంత ఘాటుగా ఉంటే అంత మెచ్చుకుంటాం. కూరలో ఎలాగూ ఉడికిపోతుంది. ఊరిమిండి ఘాటును సంగటి ముద్ద సర్దేస్తుంది. హమ్మస్‌లో పడేది పచ్చి తెల్లగడ్డ, తోడుగా మిరపకాయ కూడా ఉండదు. కాబట్టి ఇక్కడ చూడాల్సింది తాజాదనం.

తిరుపతి రైతుబజారులో గుట్టలోంచి గడ్డను చేతిలోకి తీసుకోండి. సైజుకు తగ్గ బరువుండాలి. బొటనవేలితో నొక్కితే పాయ గట్టిగా తగలాలి, పొట్టు కిందికి దిగబడితే లోపల ఎండిపోయినట్టే. పొరల మధ్య నల్లటి బూజు ఉన్నా, మొన దగ్గర మొలక తొంగిచూస్తున్నా పక్కన పెట్టేయండి. అంగడాయన గొణుగుతాడు, గొణగనీండి.

నాటువా, కొండవా? నా ఓటు లావు పాయలుండే కొండ గడ్డకే. ఘాటు తక్కువని కాదు. 2019లో జీఐ గుర్తింపు (ఫలానా చోటి ప్రత్యేక సరుకని ఇచ్చే గుర్తింపు) వచ్చిన కొడైకెనాల్ కొండ గడ్డకు ఘాటు బాగానే ఉంటుంది. లావు పాయ ఒలవడం సులువు, అంతే. ఒలిచి ప్యాకెట్లో అమ్మేవీ, సీసాలో పేస్టూ ఈ పనికి వద్దు.

ఇంటికొచ్చాక పాయను నిలువుగా చీల్చండి. నడిమధ్య లేత పచ్చ మొలక ఉంటే కత్తి మొనతో లాగేయండి, చేదు చాలావరకు దాంతోనే పోతుంది.

నిజానికి చీల్చకముందు పాయకు పెద్ద ఘాటుండదు. దంచగానే అందులోని ఒక ఎంజైము పనిలోకి దిగి అల్లిసిన్‌ను పుట్టిస్తుంది, నాలుక మండేది దాంతోనే. నిమ్మకాయ పులుపు ఆ ఎంజైమును అణిచేస్తుంది. అందుకే తెల్లగడ్డను నిమ్మరసంలోనే దంచాలి. ముందు దంచి, తీరిగ్గా నిమ్మకాయ పిండితే ఫలితం అంతగా ఉండదు.

రెండు కప్పుల ఉడికిన శనగలకు ఒక లావు పాయ, ఒక నిమ్మకాయ రసం, అర చెంచా ఉప్పు. దంచి పది నిమిషాలు ఉంచి, వడకట్టి ఆ రసం మాత్రమే వాడినా బాగుంటుంది.

ఇంటిపని: ఒక పాయను రెండు ముక్కలు చేసి, ఒకటి నిమ్మరసంలో, ఇంకొకటి ఉత్త ఉప్పుతో దంచండి. చెంచాడు శనగముద్దలో విడివిడిగా కలిపి రుచి చూడండి. వచ్చే పాఠం నువ్వుల ముద్ద. పొట్టు తీసిన తెల్ల నువ్వులు పావు కిలో తెచ్చిపెట్టుకోండి.