కోతుల కోసం గ్రిల్ పెట్టిస్తే అసోసియేషన్ నోటీసు వచ్చింది: నా అనుభవం

హనుమకొండలో మా ఫ్లాట్ మూడో అంతస్తులో ఉంది. కోతులు బాల్కనీలోంచి నేరుగా వంటింట్లోకే వచ్చేవి. ఇంట్లో చిన్నపాప ఉంది. అందుకే ఎవరినీ అడగకుండా, బయటికి అడుగున్నర పొడుచుకొచ్చేలా గ్రిల్ పెట్టించాను. వారంలో అసోసియేషన్ నోటీసు వచ్చింది. చాలా కోపం వచ్చింది.

బైలాస్, అంటే అసోసియేషన్ నియమావళి, తెచ్చుకుని చదివాకే అర్థమైంది. బయటి గోడ నా ఒక్కడిది కాదు. 1987 అపార్ట్‌మెంట్ల చట్టంలో కూడా ప్రధాన గోడలను ఉమ్మడి భాగాల్లోనే చేర్చారు. పైగా మా బోల్టు రంధ్రాల్లోంచి వాన నీళ్లు కింది ఫ్లాట్ గోడలోకి దిగుతున్నాయి. ఆ చెమ్మ మరకలు చూశాక నిజంగా బాధనిపించింది.

సెక్రటరీ గారిని కలిసి, "సార్, తీసేస్తాను, మరి కోతుల సంగతేంటి?" అన్నాను. "కొలతలు, బొమ్మతో దరఖాస్తు ఇవ్వండి, మీటింగ్‌లో పెడదాం" అన్నారు. రాతపూర్వక అనుమతి వచ్చాకే పని మొదలుపెట్టాను.

ఈసారి గ్రిల్‌ను పిట్టగోడకు లోపలివైపు బిగించి, బిల్డింగ్ రంగే వేయించాను. పాత రంధ్రాలను వాటర్‌ప్రూఫింగ్ కలిపిన సిమెంటుతో పూడ్పించాను. మంటలు అంటుకుంటే బయటపడాలి కదా, అందుకని ఒక రెక్క లోపలి గడియతో తెరుచుకునేలా చేయించాను. కింది వాళ్ల గోడకు రంగు కూడా నేనే వేయించాను. ఇప్పుడు పక్క ఫ్లాట్ వాళ్లు అదే కొలతలు అడిగి తీసుకున్నారు.