ఖాళీ డబ్బాతో మొదలుపెట్టండి: తక్కువ సామాను, తక్కువ చెత్త

మాది విజయనగరంలో రెండు గదులూ వంటిల్లూ ఉన్న పోర్షన్. పోయిన భోగికి ముందు ఇల్లు దులుపుతుంటే అటక మీంచి హోటల్ పార్సిల్ డబ్బాలే 40కి పైగా దిగాయి, సగానికి మూతల్లేవు, ఇంకా పాడైన మిక్సీ జార్లు, ఏ ఫోన్‌వో తెలీని చార్జర్లు, సంచిలో కుక్కిన సంచులు. అన్నీ మూటగట్టి చెత్త బండికి ఇచ్చేద్దామని నేనంటే అమ్మ ఒక్కటే అంది, "తెచ్చీటప్పుడు సూసుకోవాలమ్మా, పారీసీటప్పుడు కాదు" అని.

నేను రాసేదంతా ఆ మాటలోంచి వచ్చిందే. ఇల్లు ఖాళీగా అందంగా కనపడాలని ఉన్నవన్నీ పారేస్తే చెత్త తగ్గినట్టు కాదు కదా, మనింట్లోంచి డంపింగ్ యార్డుకి మారిందంతే.

అందుకని ముందు ఏమీ కొనకండి. చెత్త తగ్గించాలనుకోగానే వెదురు బ్రష్షులు, గాజు సీసాల సెట్లు ఆర్డర్ పెట్టాలనిపిస్తుంది, వద్దు. ఉన్న ప్లాస్టిక్ డబ్బా పగిలేదాకా వాడండి, అందులో వేడి వేడివి పెట్టకుండా పప్పులకో గుండీలకో వాడితే చాలా ఏళ్ళు వస్తుంది.

తర్వాత వంటింటి అల్మారా. ఒక్కో సరుక్కి ఒక్కటే డబ్బా, ఇదే అసలు రూలు. కందిపప్పు డబ్బా 2 కిలోలది అయితే ఇంట్లో కందిపప్పు 2 కిలోలు దాటకూడదు. ఆఫర్ ఉందని 5 కిలోలు తెస్తే మిగతా 3 కిలోలు కవర్లోనే ఉండిపోయి వానాకాలం చెమ్మకి పురుగు పడుతుంది, ఆ పప్పూ పోతుంది కవరూ చెత్తలోకే పోతుంది. డబ్బాలు ఒకే వరసలో కంటికెదురుగా పెట్టండి, ఒకదాని వెనక ఒకటి పెడితే వెనకది మర్చిపోయి మళ్ళీ అదే కొంటాం. పాతకాలం స్టీలు డబ్బాల సెట్టు చూడండి, పెద్దదాన్నుంచి చిన్నదాకా ఖాళీ అయితే ఒకదాంట్లో ఒకటి ఇమిడిపోతాయి, మూత గట్టిగా పడుతుంది, సొట్టపడినా పనికొస్తుంది, చివరికి పాత సామాన్ల వాడు కూడా తూకానికి కొంటాడు. నా దృష్టిలో మంచి డిజైన్ అంటే అది.

బజారు సంచి బీరువాలో పెట్టకండి, గుమ్మం పక్క మేకుకి తగిలించండి, చెప్పులేసుకునేటప్పుడు కనిపించాలి. అందులో ఎప్పుడూ రెండు పెద్ద గుడ్డ సంచులు, పాత లుంగీతో కుట్టిన నాలుగు చిన్న సంచులు, చేపల కోసం మూతున్న స్టీలు డబ్బా ఒకటి. షాపులో ముందు ఖాళీ డబ్బా కాటా మీద పెట్టించి సున్నా చేయించుకుని, ఆ తర్వాత సరుకు వెయ్యమనండి, లేకపోతే డబ్బా బరువుకి కూడా డబ్బులు కడతారు. మొదట్లో షాపతను విసుక్కుంటాడు, రద్దీ లేకుండా పొద్దున్నే వెళ్తే మాత్రం రెండు మూడుసార్లకి అలవాటు పడిపోతాడు, మా కిరాణా కొట్టాయన ఇప్పుడు నేను వెళ్ళగానే డబ్బా ఇటివ్వమ్మా అంటున్నాడు.

బట్టల షాపుల్లో ఇచ్చే రంగుల సంచులు గుడ్డవే అనుకుంటాం గానీ చాలావరకు పాలీప్రొపిలీన్, అంటే ప్లాస్టిక్కే. అనుమానముంటే చిన్న పోగు లాగి పళ్ళెంలో పెట్టి వెలిగించండి, నూలైతే కాగితం కాలిన వాసనొచ్చి బూడిదవుతుంది, ప్లాస్టిక్ అయితే కరిగి గట్టి ముద్దలా అవుతుంది. ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, స్పూన్లు, స్ట్రాలు 2022 జులై 1 నుంచీ దేశమంతా నిషేధం, అదే ఏడాది డిసెంబర్ 31 నుంచి క్యారీ బ్యాగు 120 మైక్రాన్ల కంటే పల్చగా ఉండకూడదు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). పేపర్ గ్లాసుకి కూడా లోపల పల్చటి ప్లాస్టిక్ పూత ఉంటుంది, అందుకే అది కాగితంలా మట్టిలో కలిసిపోదు.

అటక సర్దడం ఒక్కరోజు పని కాదు, రోజుకో మూల చెయ్యండి. ఇత్తడి, స్టీలు, పేపర్లు పాత సామాన్ల వాడికి. నూలు చీరలు బొంతకి, మరీ చిరిగినవి వంటింటి మసిగుడ్డలకి. చార్జర్లు, బ్యాటరీలు, బల్బులు మాత్రం వేరే డబ్బాలో దాచి ఈ-వేస్ట్ తీసుకునే వాళ్ళకే ఇవ్వండి, తడి చెత్తలో కలపొద్దు. ఇంకోటి, భోగి మంటలో ప్లాస్టిక్ కుర్చీలూ టైర్లూ దయచేసి వెయ్యకండి, పక్కనే పసిపిల్లలు చలి కాచుకుంటుంటారు, ఆ పొగ వాళ్ళు పీలుస్తారు.

బట్టల గురించి ఎక్కువ చెప్పను. తక్కువ కొనండి, మంచివి కొనండి. పొందూరు ఖద్దరు మన దగ్గరే ఉంది, వాలుగ చేప దవడతో పత్తి ఏకి చేత్తో వడికే నూలు అది. ఖరీదే, అందుకే ఒకటి తీసుకుని జాగ్రత్తగా ఉతుక్కుని అన్నం వార్చిన గంజి పెట్టుకుంటే ఆ గంజి కూడా వృథా పోదు.

ఇక తడి చెత్త, ఇంట్లో ఎక్కువ బరువు దీనిదే. ముందు తినగలిగేది చెత్త కాకుండా చూడండి, బీర తొక్కు పచ్చడి, రాత్రి అన్నం చద్దన్నం, ఊళ్ళో గేదె ఉంటే కూరగాయ తొక్కులూ బియ్యం కడిగిన నీళ్ళూ కుడితిలోకి. టౌన్లో గేదె లేదు కాబట్టి మిగిలినదాన్ని గత్తం, అంటే మొక్కలకేసే ఎరువు, చేసుకోవడమే. పాత మట్టికుండకి పక్కల్లో అడుగున చిన్న చిల్లులు పెట్టి, అడుగున రెండంగుళాలు ఎండాకులు పరిచి, రోజూ తొక్కులు వేసినప్పుడల్లా వాటికి రెండింతలు ఎండాకులు పైన కప్పండి. ఈ ఎండాకులే కీలకం, చాలామంది ఇవి తక్కువేసి కంపు కొడుతోందని మానేస్తారు. కంపు వచ్చిందంటే లోపల తడెక్కువై గాలాడట్లేదన్నమాట, ఎండాకులు ఇంకాస్త వేసి కర్రతో కలపండి, నాలుగైదు రోజులకోసారి ఎలాగూ కలపాలి. పిండితే చెయ్యి తడవాలి గానీ నీళ్ళు కారకూడదు. ఎండాకాలం కాస్త నీళ్ళు చిలకరించండి, వానల్లో మూత పెట్టండి. కాస్త పుల్లమజ్జిగ పోస్తే త్వరగా మొదలవుతుంది. చేప ముళ్ళు, నూనె కూరలు వెయ్యొద్దు, ఎలకలొస్తాయి. కుండ నిండాక కదపకుండా వదిలేస్తే రెండు మూడు నెలల్లో నల్లగా, వానపడ్డ మట్టి వాసనతో తయారవుతుంది. ఈలోపు చెత్తకి ఇంకో కుండ కావాలి, అందుకే రెండు కుండలతో మొదలుపెట్టండి.

చుట్టాల సంగతొకటి మిగిలింది. మా ఊరి పైడితల్లమ్మ జాతరకి ఇల్లు నిండిపోతుంది, అప్పటి కోసం ఏడాదంతా 30 కంచాలు అటక మీద దాచాల్సిన పని లేదు. నాలుగిళ్ళవాళ్ళం కలిసి పెద్ద గిన్నెలు ఒక్క సెట్టే ఉంచుకున్నాం, ఎవరికి పనుంటే వాళ్ళు తీసుకెళ్ళి తోమి ఇచ్చేస్తారు. భోజనానికి ఏజెన్సీ వైపు నుంచొచ్చే అడ్డాకుల విస్తళ్ళు తెచ్చుకోండి, కొనేముందు తిరగేసి చూడండి, వెనక ప్లాస్టిక్ షీటు అంటించినవి కూడా అమ్ముతున్నారు, అవి వద్దు. పుల్లలతో కుట్టిన ఆకులవైతే తిన్నాక ఎంగిలి దులిపి, చింపి, ఆ కుండలోనే ఎండాకుల బదులు వేసెయ్యొచ్చు, పుల్లలు మాత్రం ఏరెయ్యండి, అవి కుళ్ళడానికి చాలా టైం పడుతుంది, కలిపేటప్పుడు చేతికి గుచ్చుకుంటాయి.