నామినీ ఉన్నా వీలునామా రాయించాం

నాన్నగారి డిపాజిట్లన్నింటికీ అన్నయ్యే నామినీ కావడంతో, సొమ్మంతా అతనికే చెందుతుందేమోనని చెల్లెలు కలత చెందింది. నామినీ సొమ్మును అందుకుని వారసులకు అప్పగించవలసినవాడే తప్ప యజమాని కాడని న్యాయవాది వివరించారు. షేర్ల విషయంలోనూ సుప్రీంకోర్టు 2023లో ఇదే తేల్చింది. అయినా నోటిమాటతో అనుమానాలు తీరవు కనుక, నాన్నగారి చేత వీలునామా రాయించాం.

1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం ఇద్దరు సాక్షుల సంతకాలు తప్పనిసరి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాకపోయినా, రేపు ఎవరూ వేలెత్తి చూపకుండా అదీ చేయించాం. పొలం దగ్గరే ఆలస్యమైంది: పాసుపుస్తకంలోని విస్తీర్ణానికీ పాత దస్తావేజుకూ అయిదు సెంట్లు తేడా రావడంతో, సర్వే చేయించి, నాలుగు హద్దులూ సరిచూసుకున్నాకే రాయించాం. అది ఉమ్మడి కుటుంబ ఆస్తి కావడం వల్ల నాన్నగారు తన వాటా వరకే రాశారు. చెల్లెలి వాటా ఆమెకు పుట్టుకతోనే ఉంది.