పేగు జబ్బున్నోళ్లు పిక్కలు, కండ్లు గూడ చూసుకోవాలె

నాకు అల్సరేటివ్ కొలైటిస్, అంటే పెద్దపేగు వాచి పుండ్లు పడే జబ్బు. మోకాళ్లు వాస్తే ఇంట్ల ఒకటే మాట: "మర్రిగూడ నీళ్లు తాగి పెరిగినవ్ గదా, ఫ్లోరైడే." నల్లగొండ దిక్కు ఏ కీలు నొచ్చినా నింద నీళ్ల మీదికే పోతది. నేనూ నమ్మి, మెడికల్ షాపుల డైక్లోఫెనాక్ అనే నొప్పి గోలీలు కొని మింగిన. మోకాలు తగ్గింది, నెత్తురు విరేచనాలు తిరగబెట్టినయి. ఆ గోలీలు పేగును రేపుతయట. డాక్టర్‌ను అడగకుండ ముట్టకండి.

ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. ఒక దిక్కు ఎన్నిసార్లు దొడ్డికి పోయిన్రు, నెత్తురు పడ్డదా. ఇంకో దిక్కు ఏ కీలు వాచింది. నా బుక్కుల రెండూ ఒకే వారంల పెరిగినయి. పెద్ద కీళ్ల వాపు తరచుగ పేగుతోనే లేస్తది. నడుము కథ వేరు: పొద్దున బిగుసుకపోయి, నడిస్తే సదురుకుంటదంటే పేగు నిమ్మళంగున్నా డాక్టర్‌కు చెప్పాలె.

ఈ జబ్బు చర్మం, కండ్లు, నెత్తురు మీద గూడ చూపెట్టొచ్చు. స్నానం చేసేటప్పుడు పిక్కల ముందు ఎముక మీద తడిమి చూడండి. ఒత్తితే నొచ్చే ఎర్ర గడ్డలుంటే దోమకాటని వదిలెయ్యద్దు. నాకు రేగుపండంత లేసినయి, మానేటప్పుడు కమిలినట్టు నల్లబడ్డయి.

కన్ను ఎర్రబడి, నొచ్చి, వెలుతురు చూడలేకపోతే అదేరోజు కంటి డాక్టర్ దగ్గరికి పోవాలె. కండ్లకలకని షాపుల చుక్కలు తెచ్చి పొయ్యద్దు.

ఒక్క కాలే వాచినా, ఉన్నట్టుండి ఆయాసమొచ్చినా నెత్తురు గడ్డకట్టిందేమో, వెంటనే దవాఖానకు. స్టెరాయిడ్ వాడుతుంటే ఎముకల పరీక్ష గురించి అడగండి. గోలీలు మాత్రం మీ అంతట మీరు ఆపద్దు. రక్తహీనతకు, కాలేయానికి రక్తపరీక్షలుంటయి, ఆ కాగితాలు నోట్‌బుక్కులనే పెట్టండి.