పెళ్లి ఫొటోల్లో వచ్చే లోపాలు: బరంపురం, పర్లాకిమిడి వైపు తెలుగువాళ్లకు సమస్య - పరిష్కారం

పెళ్లయ్యాక ఫొటోలు చూసి బాధపడే ఇళ్లలో చాలావరకు ఆ పొరపాటు బుకింగ్ రోజునే జరిగిపోయి ఉంటుంది. బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు ఫొటోగ్రాఫర్ ఊళ్లోని ఒడియా అతను కావచ్చు, ఇచ్ఛాపురం, పాతపట్నం, పార్వతీపురం నుంచి వచ్చే తెలుగతను కావచ్చు. ఎవరినైనా పెట్టుకోండి. అడగాల్సినవి మాత్రం ముందే అడగండి.

సమస్య: జీలకర్రబెల్లం ఫొటో లేదు, మూడు ముళ్ల దగ్గర పురోహితుడి వీపు పడింది

అన్నిటికన్నా బాధపెట్టే లోపం ఇదే. రంగు తేడా వస్తే ఎడిటింగులో సరిచేయొచ్చు, తీయని ఫొటోని ఎవరూ తెచ్చివ్వలేరు.

కారణం: ఒడియా పెళ్లిలో హస్తగంఠి ముఖ్యం. వధూవరుల చేతులు కలిపి కుశగడ్డితో కడతారు. ఆ పెళ్లిళ్లు ఎన్నో చక్కగా తీసిన మనిషికి కూడా మన అడ్డుతెర ఎప్పుడు దించుతారో తెలియకపోవచ్చు. ముహూర్తానికి జీలకర్రబెల్లం పెట్టడం, తెర దించడం, ఇద్దరూ ఒకరినొకరు చూసుకోవడం క్షణాల్లో అయిపోతాయి. కెమెరా తెరకి ఒక పక్కనే ఉంటే ఒకరి ముఖమే వస్తుంది. ఇంతలో ఫోన్లు పట్టుకుని మనవాళ్లే ముందుకు వచ్చేస్తారు.

పరిష్కారం: తెరకి చెరో పక్కా ఒక్కో కెమెరా ఉండాలని బుకింగ్‌లోనే చెప్పండి. మీ ఇంటి పద్ధతి ప్రకారం రాట వేయడం నుంచి అప్పగింతల దాకా వరుసగా రాసి, ముహూర్త సమయం పక్కన వేసి ఇవ్వండి. తెలుగు రాని ఫొటోగ్రాఫర్ అయితే ఒడియా బాగా మాట్లాడే మేనమామనో బావనో ఆ పనికే కేటాయించాలి. ఆయన కెమెరా పక్కనే ఉండి తరవాత ఏం జరగబోతుందో రెండు నిమిషాల ముందే చెబుతారు. తాళి కట్టేటప్పుడు కాస్త పక్కకి జరగమని పురోహితుడు గారిని ముందురోజే అడిగితే కాదనరు, పెళ్లిపీటల దగ్గర అడిగితే కంగారులో మర్చిపోతారు. ఒడియా సంబంధమైతే ఆ ఇంటి పెద్దలతో కూర్చుని వాళ్ల జాబితా కూడా రాయించుకోండి. వాళ్ల హస్తగంఠి తప్పిపోతే అది కూడా అంతే నష్టం.

సమస్య: చూపించిన ఆల్బమ్ ఒకలా ఉంది, మనది ఇంకోలా వచ్చింది

కారణం: వాళ్లు చూపించినవి పదిహేను పెళ్లిళ్లలోంచి ఏరిన ఫొటోలు. పైగా మంచి ముహూర్తాల రోజు ఒకే స్టూడియోకి రెండు మూడు పెళ్లిళ్లు పడితే బయటివాళ్లని పంపిస్తారు.

పరిష్కారం: ఒకే పెళ్లివి, అదీ రాత్రి ముహూర్తానివి, మొదటి నుంచి చివరి దాకా అన్ని ఫొటోలూ చూపించమనండి. వెనకాడితే ఇంకొకరిని చూసుకోండి. మండపానికి వచ్చే మనిషి పేరు కాగితం మీద ఉండాలి. స్టూడియో బోర్డు చూసి అడ్వాన్స్ ఇవ్వొద్దు.

సమస్య: వీడియోలో చారలు, ముఖాలు ఊదారంగులో

కారణం: మన కరెంటు 50 హెర్ట్జ్. నాసిరకం ఎల్‌ఈడీ లైట్ల వెలుగు సెకనుకు 100 సార్లు తగ్గి పెరుగుతుంది. షటర్ వేగం (ఒక్కో ఫ్రేముకి కెమెరా వెలుగు తీసుకునే సమయం) దాంతో కలవకపోతే చారలు పడతాయి. ఊదారంగు డెకరేషన్ లైట్లది.

పరిష్కారం: షటర్ 1/50 లేదా 1/100 సెకను దగ్గర పెడితే చారలు చాలావరకు పోతాయి. వెనక ఎల్‌ఈడీ తెర పెడుతుంటే సాయంత్రమే ఒకసారి తీసి చూడమనండి. ముహూర్తం నుంచి తలంబ్రాలు అయ్యేదాకా రంగు లైట్లు ఆపి, ఎదురుగా నిలకడైన తెల్ల వెలుగు ఇవ్వమని డెకరేషన్ వాళ్లకి చెప్పాలి. ఈ ఒక్క మాట మంచి కెమెరా కన్నా ఎక్కువ పనిచేస్తుంది.

సమస్య: నెలలు గడిచినా ఆల్బమ్ రాలేదు

కారణం: డబ్బంతా ముందే ఇచ్చేశారు, లేదా ఫొటోలు ఎంపిక చేసి ఇవ్వడంలో మనవాళ్లే జాగు చేశారు.

పరిష్కారం: అడ్వాన్స్ కొంత, పెళ్లిరోజు కొంత, ఆల్బమ్ చేతికి వచ్చాక మిగతాది. ఎన్ని గంటలు, ఎంతమంది మనుషులు, ఆల్బమ్ సైజు (12×36 అంగుళాలైతే అదే రాయండి), ఎన్ని షీట్లు, బండి ఖర్చు, బస ఎవరివి, ఏ తేదీకి ఇస్తారు, అన్నీ రాసి సంతకం పెట్టించండి. రెండు మెమరీ కార్డులు పట్టే కెమెరానా అని అడగండి. ఫొటోలు రెండింట్లోనూ పడేలా పెడితే ఒక కార్డు పాడైనా రెండోదాంట్లో ఉంటాయి. ఫొటోగ్రాఫర్ మీ ఇల్లు వదిలే ముందే మీ హార్డ్ డిస్క్‌లోకి ఒక కాపీ ఎక్కించుకోవాలి.

సమస్య: అడగకుండానే అమ్మాయి ఫొటోలు వాళ్ల ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టేశారు

1957 కాపీరైట్ చట్టం ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోలకి మొదటి హక్కుదారు తీయించుకున్నవారే. మీ అనుమతి లేకుండా ఎక్కడా పెట్టకూడదని ఒప్పందంలో ఒక లైను చేర్చండి. సంతకం పెట్టే ముందు హక్కులు వాళ్లవని ఎక్కడైనా రాసి ఉందేమో చూసుకోండి.

సమస్య: డ్రోన్ ఎగరనివ్వలేదు

గోపాల్‌పూర్ బీచ్ వైపు పెళ్లిళ్లలో దీని మీద ముందే జాగ్రత్త పడాలి. అక్కడ సైన్యం వాయు రక్షణ కళాశాల ఉంది. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం రెడ్ జోన్‌లో ఎగరేయాలంటే కేంద్రం అనుమతి కావాలి. మీ స్థలం ఏ జోన్‌లో ఉందో కేంద్రం డ్రోన్ల కోసం పెట్టిన డిజిటల్ స్కై మ్యాప్‌లో చూపించమనండి. చూపించలేకపోతే డ్రోన్ డబ్బులు తీసేయించండి.

సమస్య: డబ్బు తీసుకున్నారు, పని చేయలేదు, ఫోన్ ఎత్తరు

ఫొటోగ్రాఫర్ ఆంధ్రాలో, మనం ఒడిశాలో ఉంటే ఎక్కడ కేసు వేయాలని చాలామంది టెన్షన్ పడి ఊరుకుంటారు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక మీరు ఉండే జిల్లాలోనే వినియోగదారుల కమిషన్‌కి ఫిర్యాదు చేయొచ్చు. గడువు రెండేళ్లు. ముందు 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయండి. ఒప్పంద కాగితం, డబ్బు పంపిన రసీదులు, వాట్సాప్ మెసేజ్‌లు తీసేయకుండా దాచుకోండి.